పని తీరిన ప్రోటోటైప్‌ను తుక్కు చేయడమేనా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో సూపర్‌కార్ల మీద వేసిన వ్యాసం చదివాను. షోరూముకు వచ్చిన బండ్ల ధర, వేగం అన్నీ రాశారు. వాటికంటే ముందు పుట్టి, ఎండల్లో మంచులో తిరిగి, లోపాలన్నీ తమ ఒంటిమీదే బయటపెట్టిన ప్రోటోటైపులు, అంటే పరీక్షల కోసం ముందుగా కట్టే నమూనా బండ్లు, చివరికి ఏమయ్యాయో ఒక్క ముక్క లేదు. 31 ఏళ్లు పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ ల్యాబ్ చూసినవాణ్ణి. నాకు ఆ సంగతే ముఖ్యం.

మెక్‌లారెన్ ఎఫ్1 అనే సూపర్‌కారు సిద్ధమవుతున్న రోజుల్లో, అసలు బాడీ రాకముందే రెండు అల్టిమా కిట్ కార్లతో (విడిభాగాలు కొని సొంతంగా బిగించుకునే బండ్లతో) పరీక్షలు చేశారు. వాటికి ఆల్బర్ట్, ఎడ్వర్డ్ అని పేర్లు. ఆల్బర్ట్‌లో షెవర్లే వి8 ఇంజను పెట్టి గేర్‌బాక్స్ సత్తా చూశారు. ఎడ్వర్డ్ బీఎండబ్ల్యూ వి12 ఇంజనును మోసింది. తమ కారుకు కిట్ కారు పేరు అంటుకోకూడదని, పని కాగానే రెండింటినీ ధ్వంసం చేశారు. తర్వాత వచ్చిన అసలు ప్రోటోటైపుల్లో ఎక్స్‌పీ1 నమీబియాలో ఎండ పరీక్షల్లో బోల్తా కొట్టి తగలబడింది. ఎక్స్‌పీ2ను గోడకు గుద్దించి భద్రత చూశారు. ఈ రెండూ విధి నిర్వహణలో పోయాయి, సరే. ఆల్బర్ట్, ఎడ్వర్డ్ అలా పోలేదు. అదే వరుసలోని ఎక్స్‌పీ5ను దాచుకున్నారు కాబట్టే, 1998లో జర్మనీలోని ఎరా-లెసీన్ ట్రాక్ మీద రేసు డ్రైవరు ఆండీ వాలెస్ దాన్ని గంటకు 386 కిలోమీటర్లకు తీసుకెళ్లగలిగాడు.

పోయినదాన్ని మళ్లీ తేవడం ఎంత కష్టమో లాంబోర్గినీ వాళ్లను అడగాలి. 1971 జెనీవా ప్రదర్శనలో లోకాన్ని నివ్వెరపరిచిన పసుపుపచ్చ ప్రోటోటైప్ కౌంటాష్ ఎల్‌పీ500ను 1974లో ఇంగ్లండులో క్రాష్ టెస్టుకు వాడి, ఆపైన తుక్కు చేశారు. కార్లు సేకరించే ఒకరు కోరితే పాత ఫొటోలు, డ్రాయింగులు ముందు పెట్టుకుని మళ్లీ కట్టి 2021లో చూపించారు. పట్టిన సమయం 25,000 గంటల పైమాటే. రోజుకు 8 గంటల లెక్కన ఒక్క మనిషి సెలవు లేకుండా చేసినా ఎనిమిదేళ్లు దాటుతుంది.

కంపెనీల భయం నాకు తెలుసు. చేత్తో అతికిన బండి, అనుమతి పత్రాలు లేవు, రోడ్డెక్కి ఎవరి ప్రాణమైనా తీస్తే బాధ్యత తయారీదారుదే. 2014లో అమెరికాలో క్రైస్లర్ తాను విద్యాసంస్థలకు ఇచ్చిన తొలినాటి డాడ్జ్ వైపర్ స్పోర్ట్స్ కార్లను నాశనం చేయమంది. 93 బండ్లదాకా ఉన్నాయని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. బోధన అవసరం తీరాక ధ్వంసం చేయాలన్నది ఇచ్చినప్పటి షరతేనని కంపెనీ మాట. వాషింగ్టన్ రాష్ట్రం ఒలింపియాలోని కాలేజీ పిల్లలు తమ బండిని వదలమని మొర పెట్టుకున్నారు. ఆ పిల్లల బాధ నాకు పరాయిది కాదు.

మా కాలేజీకి ఒకప్పుడు ఒక కంపెనీ పరీక్షలు పూర్తయిన జీపు ఇచ్చింది. రిజిస్ట్రేషన్ లేదు, రోడ్డు మీదికి తేకూడదని రాయించుకుంది. గేర్‌బాక్స్ కుదరక ఎవరో దాన్ని మోసే అడ్డకమ్మీ, అంటే క్రాస్ మెంబర్‌ను గ్యాస్‌తో కోసి, రెండంగుళాలు దించి వెల్డింగ్ చేశారు. గేర్‌బాక్స్ నుంచి చక్రాల వైపు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం గురించి బోర్డు మీద ఎన్నిసార్లు గీసినా అర్థంకాని పిల్లలకు, ఆ అతుకు కింద పడుకోబెట్టి చూపిస్తే చప్పున ఎక్కేది. తయారై వచ్చిన బండిలో ఆ అతుకు కనపడదు. తప్పు ఎక్కడ జరిగిందో, ఎలా దిద్దుకున్నారో ప్రోటోటైపే చెబుతుంది. మా అమ్మాయి పెళ్లికి నేను సెలవులో ఉండగా జీపును కండెమ్ చేసి కిలోల లెక్కన వేలం వేశారు. తిరిగొచ్చేసరికి వేపచెట్టు కింద నూనె మరక మిగిలింది.

మన హైవేల మీద కూడా నలుపు తెలుపు స్టిక్కర్లు చుట్టుకుని పరీక్ష కార్లు తిరుగుతున్నాయి. పని తీరాక వాటిని ప్రెస్సు కింద పెట్టే ముందు, ఇంజను కంప్యూటర్ తీసేసి, చాసిస్ కోసేసి, ఇక నడవకుండా చేసి పాలిటెక్నిక్‌లకు ఇవ్వమని కంపెనీలను కోరుతున్నాను. అలా వచ్చిన వాటిని పాత బెంచీలతో పాటు వేలం జాబితాలో చేర్చకుండా సాంకేతిక విద్యాశాఖ ఒక ఉత్తర్వు ఇవ్వాలి. ఉభయ గోదావరి జిల్లాల్లో ఏ కాలేజీకి అలాంటి బండి వచ్చినా, పైసా తీసుకోకుండా వచ్చి, విప్పి, ఏ అతుకు ఎందుకు పడిందో చార్టులు రాసిపెట్టి వెళతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్,
తూర్పుగోదావరి జిల్లా