దాటవేస్తున్న పాఠం

సంపాదకులకు నమస్కారం.

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఇరవై ఏడేళ్లు జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. పదో తరగతి ప్రత్యుత్పత్తి పాఠంలో గర్భనిరోధక పద్ధతుల భాగాన్ని ఆడపిల్లలకు చెప్పకుండా దాటవేయడం వల్ల జరుగుతున్న నష్టాన్ని పాఠకుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేను పనిచేసిన బడుల్లో ఆ పాఠం రాగానే బొమ్మలు గీయించి, భాగాలు గుర్తింపజేసి, మిగిలింది ఇంటి దగ్గర చదువుకోమనడం రివాజు. మొదటి కొన్నేళ్లు నేనూ అదే చేశాను. పదో తరగతి అయిన వేసవిలోనే పెళ్లయి, ఏడాది దాటేసరికి చంకలో బిడ్డతో సర్టిఫికెట్ కోసం వచ్చిన ఒక విద్యార్థిని, "గర్భం రాకుండా ఆపుకోవచ్చని నాకెవరూ చెప్పలేదు టీచర్" అన్నది. జీవశాస్త్రంలో ఆమెకు మంచి మార్కులే వచ్చాయి. ఆ మాట విన్నాక ఆ భాగాన్ని ఏ సంవత్సరమూ వదలలేదు.

ఆమెది ఒంటరి కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. 15-19 ఏళ్ల వారిలో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు లేదా గర్భిణులు. దేశ సగటు 6.8 శాతం మాత్రమే. అదే సర్వేలో మన రాష్ట్రపు వివాహితల్లో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారు కాగా, నిరోధ్, మాత్రలు, కాపర్-టి వాడేవారు అన్నీ కలిపినా అతి స్వల్పం. అంటే మన ఆడపిల్లకు తెలిసిన కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఒక్కటే; అది ఇద్దరు పిల్లలు పుట్టాక వచ్చేది. మొదటి కాన్పును వాయిదా వేసుకోవచ్చని గానీ, రెండో కాన్పుకు ఎడం పాటించవచ్చని గానీ, మూడు నెలలకొకసారి తీసుకునే అంతర ఇంజెక్షన్, హార్మోన్లు లేని ఛాయ మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితమని గానీ ఆమెకు చెప్పేవారు లేరు.

చెప్పేవారు లేనిచోట అపోహలు చేరతాయి. మొదటి కలయికలో గర్భం రాదని నమ్మే పిల్లలను నేను చూశాను. అత్యవసర మాత్ర గురించి టీవీ ప్రకటనల్లో విన్నవారికి, అది 72 గంటల లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుందని, తరచూ వాడదగినది కాదని, సుఖవ్యాధుల నుంచి అది కాపాడదని తెలియదు.

ఇవన్నీ చెబితే పిల్లలు చెడిపోతారని తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోను, ఎందుకంటే అది ప్రేమలో నుంచి పుట్టిందే. అయితే వివిధ దేశాల అధ్యయనాలను పరిశీలించి యునెస్కో 2018లో ప్రచురించిన మార్గదర్శకాలు, ఇలాంటి విద్య లైంగిక సంబంధాలను త్వరపెట్టదని స్పష్టంగా చెబుతున్నాయి. పైగా మన దగ్గర పదహారేళ్ల పిల్లకు ఆ ప్రమాదం చాలాసార్లు పెద్దలు కుదిర్చిన పెళ్లి రూపంలోనే వస్తోంది.

పద్దెనిమిదేళ్ల లోపు వారితో లైంగిక సంబంధాన్ని నేరంగా చూసే పోక్సో చట్టం కింద కేసవుతుందన్న భయంతో మైనర్లు, వారి కుటుంబాలు ఆసుపత్రికి రావడం మానేసి నాటు మందుల వైపు వెళ్లడం మరో విషాదం. గర్భస్రావం కోరిన మైనర్ పేరును, గుర్తింపు వివరాలను ఆమె, ఆమె సంరక్షకుల కోరిక మేరకు పోలీసులకిచ్చే సమాచారంలో వైద్యులు వెల్లడించనవసరం లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో చెప్పింది. ఈ సంగతి గ్రామాల్లో ఎందరికి చేరింది?

విద్యాశాఖ చేయదగిన పని చిన్నదే. ఆ పాఠం జరిగే వారం స్థానిక ఏఎన్ఎంను బడికి పిలిపించి, ఆడపిల్లలకు విడిగా రెండు పీరియడ్లు కేటాయించి, ప్రశ్నలను పేర్లు లేని చీటీల మీద రాయించాలి. నేను అలా చేసిన మొదటి ఏడాది పెట్టెలో నలభై ఒక్క చీటీలు వచ్చాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
పల్నాడు జిల్లా