డిసెంబరు షాఫ్ట్‌లు, రాత్రి షిఫ్టు: మా కస్టమర్లందరికీ

బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో మా లేత్ వర్క్‌షాప్‌కి వచ్చే మిల్లుల వాళ్ళకీ, ఫిట్టర్లకీ, మేస్త్రీలకీ నమస్కారం. నిరుడు డిసెంబరులో మేం చేసిచ్చిన పాలిషర్ షాఫ్ట్‌లు (రైసు మిల్లులో బియ్యాన్ని పాలిష్ పట్టే మిషను తిరిగే ఇరుసులు) పాడైన సంగతి ఇప్పటికి చాలామందికి తెలిసిపోయింది. రాజాం వైపు ఒకరకంగా, పార్వతీపురం వైపు ఇంకోరకంగా చెప్పుకుంటున్నారు. "కక్కుర్తి పడి నాసిరకం ఇనుము వేశాడు" అన్న మాట నా చెవిన కూడా పడింది. ఈ షెడ్డు పెట్టి 22 ఏళ్ళు. ఆ మాట పడటం ఇదే మొదటిసారి. అందుకే జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను. రాత్రి షిఫ్టు ఎందుకు ఆపేశానని అడుగుతున్నవాళ్ళకి జవాబు కూడా ఇందులోనే ఉంది.

పాలిషర్ షాఫ్ట్‌కి మేం వాడేది ఈఎన్ 8 అనే గట్టి రకం ఉక్కు. అందులో కార్బన్ ఇంచుమించు 0.4 శాతం ఉంటుంది. మామూలు మైల్డ్ స్టీల్‌లో 0.25 లోపే. నూనె రాసి రెండు రాడ్లూ పక్కపక్కన పెడితే కంటితో నేనూ చెప్పలేను. లోడు పడ్డాకే తేడా తెలుస్తుంది. మెత్తని ఇనుమైతే కీవే (షాఫ్ట్‌లో కీ కూర్చునే గాడి) అంచులు నలుగుతాయి, పుల్లీని షాఫ్ట్‌కి పట్టి ఉంచే ఆ కీ వదులవుతుంది, షాఫ్ట్ ఊగడం మొదలవుతుంది, దాంతో బేరింగులు పోతాయి. కొత్త ధాన్యం మిల్లులకి వచ్చి పడే రోజుల్లో సరిగ్గా ఇదే జరిగింది. ఆ నెలలో చేసిన 11 షాఫ్ట్‌లలో 6, నాలుగు మిల్లుల్లో, 20 రోజులు తిరక్కుండానే పోయాయి. ఒకచోట తెల్లవారుజామున నాలుగింటికి పాలిషర్ ఆగిపోయి బయట ట్రాక్టర్లు బారులు తీరాయి. "ఏటి బాబూ, మీ సరుకే ఇలగైతే ఇంకెవుల్ని నమ్మాల?" అని ఆ మిల్లు యజమాని ఫోన్‌లో అడిగారు. ఆయన తిట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

ఇనుము ఇచ్చిన డీలరు గురించి చెప్పాలి. పేరు రాయను. 11 ఏళ్ళుగా ఆయన దగ్గరే కొంటున్నాను. మా అమ్మాయి పెళ్ళికి వచ్చి అక్షింతలు వేసి, భోంచేసి వెళ్ళిన మనిషి. ఒక్క నెల కూడా ఆయన బిల్లు ఆపలేదు. కరోనా టైంలో మాకు పనిలేక షెడ్డు మూసినప్పుడు కూడా పాత బాకీ తీర్చాకే ఇంట్లో ఖర్చు చూసుకున్నాం. అలాంటాయన పంపిన లోడులో ఈఎన్ 8 అని బిల్లు మీద ఉంది, టెస్ట్ సర్టిఫికెట్ జిరాక్స్ ఉంది, రాడ్లు మాత్రం మైల్డ్ స్టీల్. పోయిన షాఫ్ట్ ముక్క కోసి విశాఖలో ల్యాబ్‌కి పంపితే కార్బన్ 0.18 వచ్చింది. ఆ కాగితం తీసుకుని ఆయన షాపుకి వెళ్ళాను. చదివి, మడిచి, నా చేతికే ఇచ్చేసి "మాకు పైనుంచి అలాగే వచ్చింది, మేమేం చేస్తాం" అన్నాడు. రాడ్ల డబ్బు వెనక్కి ఇస్తానన్నాడు. మా పని, రవాణా, మిల్లులు ఆగిన నష్టం, వీటి ఊసే లేదు. "మీరు చూసుకుని కోసుకోవాలి కదా" అని మాత్రం అన్నాడు. ఆ మాటకి ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ ఆ వీధిలోంచి వెళ్ళడం లేదు. రాడ్ల డబ్బు కూడా తీసుకోలేదు. మా ఇంట్లో వాళ్ళు తీసుకోమన్నారు. నాకు మనసొప్పలేదు.

కానీ "చూసుకుని కోసుకోవాలి" అన్న ఆ మాట నిజం. ఆ నిజాన్ని కూడా మీకు చెప్పకపోతే ఈ ఉత్తరం రాసి లాభం లేదు.

సర్టిఫికెట్ మీద హీట్ నంబరు, అంటే ఆ ఇనుము ఏ పోతలో తయారైందో చెప్పే నంబరు, ఉంటుంది. అదే నంబరు రాడ్డు చివర పంచ్ చేసి గానీ, ట్యాగ్ మీద గానీ ఉండాలి. ఆ లోడులో ఏ రాడ్డు మీదా నంబరు లేదు. 11 ఏళ్ళ నమ్మకంతో నేను చూడలేదు. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. ఆ షాఫ్ట్‌లు రాత్రి షిఫ్టులో చేశాం. లేత్ మీద 22 ఏళ్ళ కుర్రాడు ఉన్నాడు, ఐటీఐ చేసి మూడేళ్ళుగా మా దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఈఎన్ 8 కోస్తుంటే చిప్ (ఊడి వచ్చే ఇనుప పొట్టు) కాస్త బిరుసుగా, తెగుతూ, నీలం తిరిగి వస్తుంది. ఆ రాత్రి చిప్ తెగకుండా పొడుగ్గా సాగి జిలేబీ చుట్టలా టూల్‌కి చుట్టుకుంటోందట. కోసినచోట మెరుపు లేదట, చీరుకుపోయినట్టు గరుగ్గా వస్తోందట. వాడు మిషను ఆపి, రాత్రి 11:40కి నాకు ఫోన్ చేశాడు. "బాబూ, ఇనుము తేడాగుందండి, ఓపాలి వచ్చి చూస్తారా" అన్నాడు. నేను పడుకుని ఉన్నాను. "సర్టిఫికెట్ ఉందిరా. పొద్దున్నకి నాలుగు షాఫ్ట్‌లు వెళ్ళాలి. నీ పని నువ్వు కానీ" అని పెట్టేశాను. ఫోన్‌లో చూసుకుంటే ఆ మాటలు 40 సెకన్లు.

వెళ్ళి చూసి ఉంటే రెండు నిమిషాల పని. రాడ్డు చివర గ్రైండర్‌కి తాకిస్తే మైల్డ్ స్టీల్ నిప్పురవ్వలు తిన్నగా, పొడుగ్గా గీతల్లా పోతాయి. కార్బన్ ఎక్కువున్న ఇనుమైతే రవ్వ చివర చిచ్చుబుడ్డిలా పూలు విచ్చుకుంటుంది. ఈ పరీక్ష నాకు మా గురువుగారు నేర్పారు. నేను ఆ కుర్రాడికి నేర్పలేదు. తీరికే దొరకలేదు.

జనవరిలో సంక్రాంతికి ఇంటికెళ్ళినవాడు తిరిగి రాలేదు. జీతం కోసం పోయాడనుకున్నాను. మన జిల్లాల్లో అది కొత్తేమీ కాదు. వెల్డింగ్ చేతికి రాగానే గల్ఫ్‌కో, సింగపూర్‌కో ఏజెంటు ఫోన్ చేస్తాడు. ఇక్కడ ఉండేవాళ్ళకి విశాఖ ఉంది, పైడిభీమవరం ఫార్మా కంపెనీలు ఉన్నాయి. వాళ్ళంత జీతం నేను ఇవ్వలేను. రెండు వేలు పెంచుతానని చెబుదామని వాళ్ళ ఊరు వెళ్ళాను. వాళ్ళ నాన్న మంచం వాల్చి, టీ ఇప్పించి, నెమ్మదిగా అన్నాడు: "జీతం గురించి కాదు బాబూ. పాడైపోద్దని తెలిసీ తెలిసీ కోసినానే అని ఆడు పది రోజులు అన్నం సరిగ్గా తినలేదు." నాకు నోట మాట రాలేదు.

మంచి వర్క్‌షాప్ అంటే నేను ఇన్నాళ్ళూ ఏమనుకున్నానో చెబుతాను. ఒకటో తారీఖున జీతం పడాలి, పండక్కి బట్టలు పెట్టాలి, ఓనరు నోటి దురుసు లేకుండా ఉండాలి. ఇవన్నీ మా దగ్గర ఉన్నాయి, అందుకు గర్వపడేవాణ్ణి కూడా. కానీ చేతిపని తెలిసినవాడికి అన్నిటికంటే ముందు కావలసింది, తను చూసిన తప్పు చెబితే ఎవరైనా వినడం. అది లేనప్పుడు పండగ బట్టలు ఎన్ని పెట్టినా పనిలో మనసు నిలవదు. మా కస్టమర్లలో జూట్ మిల్లు ఇంజినీరు ఒకాయన ఈ సంగతంతా విని ఒక విషయం చెప్పారు. జపాన్‌లో సకిచి టొయోడా 1924లో తెచ్చిన మగ్గం దారం తెగితే దానంతటదే ఆగిపోయేదట. ఆయన కొడుకు పెట్టిందే టొయోటా కార్ల కంపెనీ. అక్కడ లైను మీద పనిచేసే ఎవరైనా తేడా కనబడితే తాడు లాగో, బటన్ నొక్కో చెప్పొచ్చు. లీడరు వచ్చి చూస్తాడు, సమస్య తేలకపోతే లైను ఆగిపోతుంది. తెగిన దారంతో మగ్గం నడిస్తే ఎంత గుడ్డ పాడవుతుందో మన జూట్ మిల్లుల్లో పనిచేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మా దగ్గర దారం తెగిందని కుర్రాడు చెప్పినా మగ్గాన్ని నడిపించినవాణ్ణి నేనే.

రాత్రి షిఫ్టు ఆపాలా వద్దా అని 17 రోజులు కొట్టుకున్నాను. సీజన్‌లో మా రాబడిలో మూడో వంతు రాత్రి పనిదే. సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే) మిషను మీద బ్యాంకు లోను ఇంకా మూడేళ్ళుంది. మా ఆవిడ కాగితం మీద లెక్క వేసి చూపించింది, ఆపితే నెలకి ఎంత తగ్గుతుందో. ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరిగాను. రాత్రికి సూపర్‌వైజరుని పెడదామా అనుకున్నాను, అంత పని తెలిసిన మనిషి దొరికితే వాడే సొంతంగా లేత్ పెట్టుకుంటాడు. నేనే కూర్చుందామని నాలుగు రాత్రులు కూర్చున్నాను. ఐదో రోజు పగలు మైక్రోమీటర్ రీడింగు తప్పు చదివాను. ఒక మిల్లు యజమాని గట్టిగానే అడిగారు: "అర్ధరాత్రి నా మిల్లు ఆగితే నేనెవరి దగ్గరికెళ్ళాలి?" న్యాయమైన ప్రశ్నే. ఇంకొకాయన "రాత్రి పని లేదంటే విశాఖలో చేయించుకుంటాం" అన్నారు. చేయించుకోండి, నాకు కోపం లేదు. కానీ చూసి చెప్పే పెద్దమనిషి లేనిచోట, నిద్ర కళ్ళతో ఒక్క కుర్రాడి చేత నా పంచ్ (మా షెడ్డు గుర్తు) వేసే షాఫ్ట్ మాత్రం ఇక కోయించను. ఫిబ్రవరి నుంచి పని ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకే. రోజూ ఆఖరి అరగంట మిషన్లు ఆపి పెద్ద మేస్త్రీ కుర్రాళ్ళకి ఏదో ఒకటి నేర్పుతాడు. ఆ అరగంటకీ జీతం ఉంటుంది.

లేత్‌ల మధ్య ఎర్ర పెయింటు డబ్బా పెట్టాం. ఏ జాబ్ మీద ఎవరికి అనుమానం వచ్చినా దాని చివర ఎర్ర చుక్క పెట్టొచ్చు, నిన్న చేరిన హెల్పరైనా సరే. చుక్క పడ్డ జాబ్‌ని పరీక్ష చేసేవరకు నేను కూడా ముట్టుకోను. ఇప్పటికి 9 చుక్కలు పడ్డాయి. ఆరింట్లో ఏ తేడా లేదు, సగం పూట చొప్పున పోయింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. మిగతా మూడిట్లో ఒకటి సాలూరు లారీ వాళ్ళ పిన్ను, లోపల పగులు ఉంది. అది చూసినవాడికి మూడు నెలల సర్వీసు.

ఇక మీకు కావలసిన సంగతులు. కొత్త డీలరు దగ్గర హీట్ నంబరు కలిసిన రాడ్డే తీసుకుంటున్నాం, ప్రతి రాడ్డునీ గ్రైండర్ మీద చూస్తున్నాం. ధర కొంచెం పెరిగింది. అర్ధరాత్రి సమస్యకి నాకు తోచిన దారి ఇదీ: మీ పాలిషర్, ఎలివేటర్ షాఫ్ట్‌ల కొలతలు సెప్టెంబరులోపు ఇస్తే ఒక్కో స్పేరు చేసి మా దగ్గరే ఉంచుతాం. తీసుకెళ్ళినప్పుడే డబ్బు ఇవ్వండి. రాత్రి రెండింటికి ఫోన్ చేసినా నేనే వచ్చి తాళం తీసి ఇస్తాను. ఆ కుర్రాడు మాత్రం తిరిగి రాలేదు. కొత్తచోట బాగానే ఉందట, నేనూ బలవంతం చేయలేదు.

చివరిగా ఒక సాయం అడుగుతున్నాను. 11 షాఫ్ట్‌లలో పదింటిని వెనక్కి తెచ్చి, మా ఖర్చుతో కొత్తవి ఇచ్చాం. పదకొండోది ఒక ఆదివారం ఎవరో ఫిట్టరు క్యాష్ ఇచ్చి, బండికి కట్టుకుని తీసుకెళ్ళాడు. బిల్లు మీద పేరు లేదు. స్పేరు కోసమని తీసుకెళ్ళి ఉంటే అది ఏదో మిల్లు స్టోరులో గోనె సంచి కిందే ఉండొచ్చు. 65 ఎంఎం షాఫ్ట్. చివర సెంటర్ రంధ్రం పక్కన మా నక్షత్రం పంచ్, దాని కింద 12 అంకె ఉంటాయి. మీ స్టోరులో ఒకసారి చూడండి. కనబడితే బిగించకండి, నాకు చెప్పండి. ఎక్కడున్నా నేనే కొత్తది తీసుకుని వస్తాను.