డిస్క్ లేని కన్సోల్ మాకు వద్దు

సంపాదకులకు నమస్కారం.

నేను హనుమకొండలో ఉంటాను. ఒక ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెబుతాను. పదిహేనేళ్లుగా వీడియో గేమ్స్ ఆడుతున్నాను. టీవీకి తగిలించి గేమ్స్ ఆడే పెట్టెలను కన్సోళ్లు అంటారు. వాటిలో తర్వాతి తరం ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ ఎంత వేగంగా పనిచేస్తాయో, తెర మీద బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటుందో అని వార్తలు వస్తున్నాయి. మాలాంటి వాళ్లం తెలుసుకోవాలనుకుంటున్నది వేరే ఉంది. కొత్త పెట్టెలో గేమ్ ఉన్న డిస్క్ పెట్టుకునే చోటు ఉంటుందా, ఉండదా?

ఇది మాకు ఎందుకంత ముఖ్యమో చెబుతాను. మేం ముగ్గురు స్నేహితులం. నేను ఇక్కడ, ఒకరు నర్సంపేటలో, మరొకరు జనగామలో. కొత్తగా విడుదలైన పెద్ద గేమ్ ఐదు వేల రూపాయల దాకా ఉంటుంది. నెల జీతాల మీద బతికే వాళ్లం, ఎవరికి వాళ్లం అన్నీ కొనుక్కోలేం. అందుకే తలా ఒకటి కొంటాం. ఒకరు ఆడడం పూర్తి కాగానే, ఎవరో ఒకరు ఊరికి వెళ్తుంటే వాళ్ల చేతిలో డిస్క్ కూడా ఆర్టీసీ బస్సెక్కుతుంది. ముగ్గురం ఆడేశాక అమ్మితే సగం ధర తిరిగి వస్తుంది. ఆ డబ్బు మళ్లీ కొత్త గేమ్‌కే పెడతాం. మా ప్రాంతంలో ఈ అభిరుచి నిలిచింది ఇలా చేతులు మారే డిస్కుల వల్లేనని నా అనుభవం.

2021 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 5 మన దేశానికి వచ్చినప్పుడు డిస్క్ ఉన్న దాని ధర రూ.49,990, లేని దాని ధర రూ.39,990. పది వేలు తగ్గుతుందని నాకు తెలిసిన రెండు కుటుంబాలు రెండోదే కొన్నాయి. పాత డిస్క్ సగం ధరకు దొరికితే గేమ్‌కు రెండున్నర వేలు మిగులుతుంది. అంటే నాలుగు గేమ్స్‌తో ఆ పది వేల లాభం కరిగిపోతుంది, ఐదో దాని నుంచి కొన్నవాళ్లకు నష్టమే. డిస్క్ లేని పెట్టెలోకి ఏ గేమ్ రావాలన్నా ఆ కంపెనీ ఆన్‌లైన్ దుకాణం నుంచే రావాలి. అక్కడ బేరం లేదు, పాతది లేదు, స్నేహితుడికి ఇవ్వడం లేదు. 2020లో వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కు అసలు డిస్క్ డ్రైవే లేదు. 2024 నవంబరులో విదేశాల్లో విడుదలైనప్పుడు ప్లేస్టేషన్ 5 ప్రోకు 700 డాలర్లు పోసినా డ్రైవ్ విడిగా కొనుక్కోవాల్సి వచ్చింది. 2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2 కన్సోల్ కోసం డిస్కులకు బదులు అమ్ముతున్న కొన్ని కార్డుల్లో గేమ్ ఉండదు, దాన్ని డౌన్‌లోడ్ చేసుకోవడానికి తాళంచెవి మాత్రమే ఉంటుంది.

డౌన్‌లోడ్ అంటే అందరికీ తేలిక కాదు. ఇప్పుడు కొన్ని గేమ్స్ వంద జీబీ దాటుతున్నాయి. ఫోన్‌లో రోజుకు రెండు జీబీ డేటాతో సర్దుకునే ఇంట్లో అది పూర్తి కావడానికి యాభై రోజులు పడుతుంది. డిస్క్ కొన్నా అప్‌డేట్ల కోసం ఎంతో కొంత డౌన్‌లోడ్ తప్పదు, కాదనను. కానీ మొత్తం గేమ్‌కూ, అప్‌డేట్‌కూ చాలా తేడా ఉంది.

గత ఏడాది ఒక ఆన్‌లైన్ దుకాణంలో నా ఖాతా రెండు వారాలు స్తంభించింది. ఎవరో నా పాస్‌వర్డ్‌తో లోపలికి రావడానికి ప్రయత్నించారని కారణం చెప్పారు. డబ్బు కట్టి కొన్న పదకొండు గేమ్స్ ఉండి కూడా ఒక్కటి తెరుచుకోలేదు. ఆ రోజుల్లో ఆడగలిగింది అలమరలోని పాత డిస్కులనే. నేను కొన్నది వస్తువు కాదని, వాళ్లు ఎప్పుడైనా వెనక్కి తీసుకోగల అనుమతి మాత్రమేనని నాకు అప్పుడే అర్థమైంది.

ఇంకా ఘోరమైనది యూబీసాఫ్ట్ అనే గేమ్ కంపెనీ చేసింది. 2014లో అమ్మిన ‘ది క్రూ’ అనే కార్ల పందెం గేమ్ సర్వర్లను, అంటే అది నడవడానికి ఇంటర్నెట్‌లో కావలసిన కంపెనీ కంప్యూటర్లను, 2024 మార్చి 31న ఆపేసింది. ఒంటరిగా ఆడుకునే వాళ్లకు కూడా అది ఆగిపోయింది, డిస్క్ కొన్నవాళ్లకు సైతం. దాని మీద ఐరోపాలో మొదలైన సంతకాల సేకరణ 2025 జులైలో పది లక్షలు దాటింది. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, అమ్ముతున్నది లైసెన్సు (వాడుకునే అనుమతి) మాత్రమే అయితే ఆ సంగతి కొనేవాళ్లకు స్పష్టంగా చెప్పి తీరాలి.

పాత డిస్కుల అమ్మకంతో గేమ్ తయారుచేసిన వాళ్లకు పైసా రాదని కంపెనీలు వాదిస్తాయి. తయారీ ఖర్చు పెరిగిందన్న మాట నిజమే. కానీ పుస్తకాన్నో, బైకునో, ఇంటినో కొన్న మనిషి దాన్ని మళ్లీ అమ్ముకుంటే తయారుచేసిన వాళ్లు వాటా అడగరు కదా!

మన దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. గేమింగ్ అనగానే అధికారులకైనా, ఇంట్లో పెద్దలకైనా పందేలే గుర్తొస్తాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను కేంద్రం 2025 ఆగస్టులో చట్టం చేసి నిషేధించింది. దాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. ఆ పందేలకూ, ఐదు వేలు పెట్టి ఒక కథను ఆడుకునే మాకూ సంబంధం లేదు. మేం వినియోగదారులం. మా ఫిర్యాదును ఆ కోణంలోనే వినాలి.

కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2023 నవంబరులో డార్క్ ప్యాటర్న్స్ పేరుతో 13 రకాల మభ్యపెట్టే పద్ధతులను నిషేధించింది. లైసెన్సు ఇస్తూ ‘కొనండి’ అని బటన్ పెట్టడాన్ని కూడా ఆ జాబితాలో చేర్చాలి. గేమ్ సర్వర్లు ఎన్నేళ్లు నడుపుతారో అట్ట మీద ముద్రించాలి. డిస్క్ లేని కన్సోల్ పెట్టె మీద ఆ సంగతి పెద్ద అక్షరాల్లో, తెలుగులో కూడా ఉండాలి.

అడిగితే కంపెనీలు దిగివస్తాయి. 2013 మేలో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్‌ను ప్రకటించినప్పుడు పాత డిస్కుల మీద ఆంక్షలు, రోజుకోసారి ఇంటర్నెట్‌తో తనిఖీ వంటి నిబంధనలు పెట్టింది. ఆటగాళ్లు తిరగబడడంతో జూన్‌లోనే వాటిని ఉపసంహరించుకుంది. తర్వాతి తరం కన్సోళ్లు ఇంకా దుకాణాలకు రాలేదు. ఈలోపే మీ పత్రిక ఈ విషయాన్ని చర్చకు పెట్టాలని, మన ఎంపీలు దీన్ని పార్లమెంటులో అడగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హనుమకొండ