మీటరు బోర్డు ఎల్‌ఈడీ బల్బుల గురించి మా ఖాతాదారులకు

ఉగాది నుంచి వినాయక చవితి వరకు మా షాపులో కారు మీటరు బోర్డుకు (స్పీడు, టెంపరేచర్ ముళ్లు ఉండే భాగం) గానీ, ఏసీ కంట్రోల్ ప్యానెల్‌కు గానీ ఎల్‌ఈడీ బల్బులు వేయించుకున్న వారందరూ దీన్ని పూర్తిగా చదవాలని కోరుతున్నాను. ఆ కాలంలో మాకు వచ్చిన టీ10 అనే చిన్న సైజు బల్బుల్లో ఒక లాటు నాసిరకం సరుకు. అందులో కొన్ని ఇప్పటికే పోయాయి, మిగిలినవి ఎప్పుడు పోతాయో చెప్పలేము. మీటరు బోర్డులో వేసినవాటిని, ప్రస్తుతం చక్కగా వెలుగుతున్నా సరే, అందరికీ మా ఖర్చుతోనే మారుస్తాం. ఏసీ ప్యానెల్‌లో వేసినవాటిని మాత్రం పాడైతేనే విప్పుతాం. ఈ తేడా విని కొందరు ఇప్పటికే నొచ్చుకున్నారు కాబట్టి దాని కారణం కాస్త విపులంగానే రాస్తున్నాను.

కారు బ్యాటరీ 12 వోల్టులదని అందరూ అంటారు గానీ, ఇంజను నడుస్తున్నంతసేపూ బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరు ఇచ్చేది 14 వోల్టుల చుట్టుపక్కల ఉంటుంది. పాత ఫిలమెంటు బల్బు ఈ తేడాను పెద్దగా పట్టించుకోదు, కాస్త ఎక్కువ వెలుగుతుంది, అంతే. ఎల్‌ఈడీకి అలా కుదరదు. మేము ఇదివరకు వాడిన బల్బును విప్పి చూస్తే, వోల్టేజీ పెరిగినా కరెంటు పెరగకుండా కాసుకునే చిన్న ఐసీ ఒకటి లోపల ఉండేది. కొత్త లాటు బల్బును విప్పి భూతద్దం కింద పెడితే ఆ ఐసీ ఉన్న చోట, కరెంటుకు అడ్డుపడే రెసిస్టరు, సగం బియ్యపు గింజంత కూడా లేనిది, ఒక్కటి కనిపించింది. దాని మీద 131 అని ఉంది, అంటే 130 ఓములు. వెలుగునిచ్చే తెల్ల చిప్పులు మూడు వరుసగా కలిపిన ఆ బల్బులో చిప్పులే తొమ్మిది వోల్టుల పైచిలుకు తీసుకుంటాయి, మిగిలిన భారమంతా ఆ రెసిస్టరుదే. 12 వోల్టుల దగ్గర కరెంటు సరిగ్గా 20 మిల్లీ ఆంపియర్లు వస్తుంది, ఎవరూ వంక పెట్టలేరు. 14.4 వోల్టులకు పెంచగానే మా బెంచి మీద మల్టీమీటరు 35 చూపించింది. షాపులో బ్యాటరీ మీద పెట్టి పరీక్షిస్తే ముత్యంలా వెలిగే బల్బు, బండి రోడ్డెక్కాక తన వేడికి తానే మాడిపోవడం మొదలుపెడుతుంది.

గాలి ఆడని మీటరు వెనక, మే నెల ఎండలో బీచ్ రోడ్డున గంటల తరబడి నిలబెట్టిన బండిలో ఆ వేడి ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. మీలో చాలామంది చెప్పిన లక్షణం కూడా దీనికి సరిపోతుంది: బండి తీసినప్పుడు అన్నీ వెలుగుతాయి, అరగంట తర్వాత మీటరులో ఒక పక్క ఆరిపోతుంది, మరునాడు ఉదయానికి మళ్లీ మామూలే. చిప్పు లోపలి సన్నని తీగ వేడికి వదులై, చల్లారగానే తగులుకోవడం వల్ల అలా జరుగుతుంది. మూడూ వరుసలో ఉన్నాయి కాబట్టి ఒక్క చిప్పు అలిగితే మూడూ ఆరిపోతాయి.

ఈ సరుకు పంపిన హోల్‌సేల్ వ్యాపారి పేరు ఇక్కడ రాయను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను మా షాపు పైకప్పు రేకులు ఎగరేసుకుపోయినప్పుడు, తడిసి పాడైన సరుకు మొత్తం మళ్లీ పంపి, డబ్బు మీకు వీలైనప్పుడు ఇవ్వండి అన్న మనిషి ఆయనే. అందుకే ఈ సంగతి నాకు ఎక్కువ బాధ కలిగించింది. పెట్టె అదే, పెట్టె మీది బొమ్మ అదే, ధరలో పైసా తేడా లేదు, లోపలి వస్తువు మాత్రం మారిపోయింది. మార్చామని ముందుగా ఒక్క మాట చెప్పి ఉంటే, వద్దని నేనూ ఒక్క మాటతో ఊరుకునేవాణ్ని. ఫోను చేసి అడిగితే మొదట, మీ విశాఖలో ఉప్పుగాలి ఎక్కువ కదండీ అన్నారు. ఉప్పుగాలి ఏం చేస్తుందో ఈ ఊళ్లో ఆటో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసేవాడికి ఎవరూ నేర్పనక్కర్లేదు. లాసన్స్ బే కాలనీ నుంచో, భీమిలి నుంచో వచ్చే బళ్లలో హోల్డరు రాగిరేకు మీద పచ్చటి చిలుము కడుతుంది, బల్బు మిణుకుమిణుకుమంటుంది, రేకు గీకి శుభ్రం చేస్తే బాగవుతుంది. సముద్రం ముఖమే చూడని పెందుర్తి బళ్లలోనూ ఇవే బల్బులు పోయాయని చెబితే, అప్పుడు మాట మార్చి, మిగతా షాపుల నుంచి ఫిర్యాదులేవీ లేవు, మీ ఒక్కరిదే అన్నారు. మిగతా షాపులకు ఫిర్యాదు ఎందుకు వస్తుంది? బల్బు పోయినవాడు అక్కడికి తిరిగి వెళ్లడు, పక్క షాపుకు పోతాడు. చివరకు మిగిలిన పెట్టెలు వెనక్కి పంపితే బదులుగా వేరేవి ఇస్తామన్నారు. ఆ వేరేవి ఏమిటని అడిగితే, అదే లాటు. ఇక ఆయన దగ్గర బల్బులు కొనడం మానేశాను. ఆయన తరఫువారు రెండుసార్లు వచ్చి మాట్లాడబోయినా నా నిర్ణయం మారలేదు, మారదు కూడా.

ఆ మాట తేలికగానే అనగలిగాను గానీ, ఎవరి బండి విప్పాలి, ఎవరిది విప్పకూడదు అన్నది తేల్చుకోవడం నిజంగా కష్టమైంది. షాపు లెక్కలు చూసే మా తమ్ముడు మొదటి నుంచీ ఒకటే మాట మీద ఉన్నాడు: పాడైనవాళ్లు వస్తే మారుద్దాం, బాగున్నవాళ్లను కూడా పిలిచి కొరివితో తల గోక్కోవడం ఎందుకన్నయ్యా అని. అతను డబ్బు గురించి అన్నాడనుకుని ముందు కసురుకున్నాను. కానీ అతని మాటలో డబ్బును మించిన సంగతి ఒకటి ఉంది. ఏసీ ప్యానెల్ విప్పాలంటే నాబ్‌లు లాగాలి, స్టీరియో బయటికి తీయాలి, చుట్టూ ఉన్న ఫ్రేము క్లిప్పులు వదిలించాలి, పాత బళ్లలో వెనక ఉన్న కంట్రోల్ కేబుళ్లు కూడా ఊడదీయాల్సి వస్తుంది. ఏళ్ల తరబడి ఎండలో కాగిన ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది. ఒకసారి విప్పిన క్లిప్పు రెండోసారి అదే పట్టు పట్టదు, మూడోసారికి విరుగుతుంది, తయారీ ఆగిపోయిన మోడలుకు ఆ క్లిప్పు దొరకదు. వెలుగుతున్న బల్బు కోసం అంత పని చేసి, బండి జీవితాంతం గతుకు వచ్చినప్పుడల్లా డ్యాష్‌బోర్డు కిటకిటమనేలా చేసి పంపితే, అది మీకు చేసిన మేలు అనిపించుకోదు. పైగా ఫ్యాను నాబు, ఏసీ స్విచ్చి చీకట్లో కూడా చేతికి తెలుస్తాయి.

మీటరు బోర్డు సంగతి వేరు. చాలా బళ్లలో అది కొన్ని స్క్రూలతో, వెనక వైర్లను కలిపే ఒకటి రెండు కప్లర్లతో, మరీ పాతవాటిలో స్పీడోమీటరు కేబులుతో బయటికి వచ్చేస్తుంది, క్లిప్పులతో పెనుగులాడే పని తక్కువ. అది ఆరిపోతే వచ్చే ముప్పు మాత్రం ఎక్కువ. మా ఖాతాదారుల్లో రాత్రిపూట అరకు వెళ్లి వచ్చేవారు ఉన్నారు. అనంతగిరి ఘాట్‌లో రెండో గేరులో మూలుగుతూ ఎక్కే పాత బండికి, నా ఉద్దేశంలో, స్పీడు కంటే టెంపరేచర్ ముల్లు కనబడటం ముఖ్యం, మీటరులో ఆ మూల చీకటైతే ఇంజను వేడెక్కిన సంగతి పొగ వచ్చాక గానీ తెలియదు. ఈ ఒక్క కారణం చేతనే తమ్ముడి మాట కాదని, మీటరు వరకు అందరినీ రమ్మంటున్నాను. ఏసీ ప్యానెల్ బల్బు పాడై వచ్చినవారికి కూడా పని ఉచితమే. బాగున్నదాన్ని ముందుజాగ్రత్తగా విప్పమని పట్టుబడితే మాత్రం చేయను, ఎంత పాత పరిచయం ఉన్నా చేయను.

ఇప్పుడు వేసే బల్బులు వేరే చోటి నుంచి తెప్పించినవి. ప్రతి పెట్టెలో ఒకదాన్ని విప్పి లోపల ఐసీ ఉందని చూసుకున్నాకే, మిగిలినవాటిని 14.4 వోల్టుల దగ్గర రాత్రంతా వెలిగించి, ఉదయానికి నిలిచినవాటినే బండికి ఎక్కిస్తున్నాం. ఇకమీదట కొత్తగా వేయించుకునేవారికి ధర కొంత పెరుగుతుంది, పాతవారి దగ్గర ఏమీ తీసుకోం. ఒక్క విషయం మాత్రం ముందే చెప్పాలి. మీటరు వెలుగు తగ్గించుకునే నాబు పాత బళ్లలో వోల్టేజీని తగ్గించి పనిచేస్తుంది, ఐసీ ఉన్న ఎల్‌ఈడీ ఆ తగ్గుదలను లెక్క చేయకుండా ఒకే తీరుగా వెలిగి, నాబు బాగా తిప్పాక ఒక్కసారిగా పడిపోతుంది. రాత్రి ప్రయాణాలు ఎక్కువ చేసేవారికి, వెలుగు తగ్గించుకోవడం అలవాటున్నవారికి ఫిలమెంటు బల్బులే తిరిగి వేయించుకోమని సలహా ఇస్తున్నాను, ఎల్‌ఈడీకి తీసుకున్న తేడా డబ్బు తిరిగి ఇచ్చేస్తాను. ఇన్నేళ్లుగా ఎల్‌ఈడీ వేయించుకోండని అందరికీ చెప్పిన నేనే ఈ మాట అంటున్నానని పక్క షాపుల్లో నవ్వుకుంటున్నారట. నవ్వుకోనివ్వండి.

నవ్వే వారిలో ఒకరు మీటరులో ఉన్న అన్ని బల్బులూ, చివరకు బ్యాటరీ ఛార్జింగ్ లైటు కూడా ఎల్‌ఈడీకి మార్చి, బ్యాటరీ దిగిపోతున్న ఆ బండిని మా దగ్గరికి పంపారు, నింద కూడా మా మీదే వేశారు. చాలా పాత కార్లలో ఆ ఎర్ర లైటు గుండా వెళ్లే కరెంటే ఆల్టర్నేటరును మేల్కొలుపుతుంది. ఎల్‌ఈడీ అంత కరెంటు పోనివ్వదు కాబట్టి, పక్కన సరైన రెసిస్టరు కలపకపోతే ఆల్టర్నేటరు ఛార్జింగ్ మొదలుపెట్టకపోవచ్చు. మేము ఆ బల్బును ఎన్నడూ మార్చలేదు. మా బిల్లు ఉన్న బండిలో ఆ చోట ఎల్‌ఈడీ కనబడితే అది మా పని కాదని దయచేసి గమనించండి.

ఇంట్లో సొంతంగా మీటరు విప్పి చూసుకున్నవారు బల్బు వెలగలేదని కంగారు పడవద్దు. ఎల్‌ఈడీ ఒక వైపు పెడితేనే వెలుగుతుంది, హోల్డరులోంచి తీసి తిప్పి పెట్టి చూడండి, అప్పటికీ వెలగకపోతే తీసుకురండి.

ఇదే అదనుగా తెల్లవి తీసేసి నీలం వేయమని కొందరు కుర్రవాళ్లు అడుగుతున్నారు. నీలం వెలుగు రాత్రిపూట కంట్లో గుచ్చుకుంటుంది, మీటరు మీంచి చూపు తిప్పాక చీకటి రోడ్డుకు కన్ను అలవాటు పడటానికి ఆలస్యం చేస్తుంది. పచ్చ ఫిల్టరు, నారింజ రంగు అంకెలు ఉన్న పాత మీటర్లలో అసలు సరిగ్గా కనబడదు కూడా. మా షాపులో వేయము.

పాత బిల్లు దొరక్కపోయినా పరవాలేదు, బండి నంబరు మా పుస్తకంలో ఉంటుంది. ముందురోజు చెప్పి, ఉదయం పది గంటలలోపు బండి అప్పగిస్తే సాయంత్రం ఏడింటికి ఇచ్చేస్తాం. ఆదివారం ఈ పని పెట్టుకోవడం లేదు, ఆ రోజు పక్కన నిలబడి తొందరపెట్టేవారు ఎక్కువ, క్లిప్పులు విరిగేది కూడా అప్పుడే.