హ్యామ్ రేడియోకి డాబా మీద వర్టికల్ (నిటారు యాంటెనా) పెట్టబోయేవాళ్లకి

ఫ్రెండ్స్, వానలు మొదలయ్యేలోపు డాబా మీద వర్టికల్ నిలబెట్టాలనుకునేవాళ్లు ముందుగా 20 మీటర్ల బ్యాండ్‌కే చేసుకోండి. 71.5ని మెగాహెర్ట్జ్‌లో ఉన్న ఫ్రీక్వెన్సీతో భాగిస్తే క్వార్టర్ వేవ్ (తరంగంలో నాలుగో వంతు) పొడవు, అంటే యాంటెనా పొడవు, మీటర్లలో వస్తుంది. 14.2కి దాదాపు 5 మీటర్లు. 40 మీటర్ల బ్యాండ్‌కి అయితే 10 మీటర్లు కావాలి, మన అపార్ట్‌మెంట్ల మీద యాంటెనా పడిపోకుండా లాగి కట్టే గై తాళ్లకే చోటు చాలదు.

అసలు సంగతంతా రేడియల్స్‌లోనే (యాంటెనా అడుగు నుంచి చుట్టూ పరిచే తీగలు) ఉంది. హైదరాబాద్‌లో నేల కింద గ్రానైట్. ఎర్త్ రాడ్ ఒక్కటి దింపి ఊరుకుంటే పవర్ చాలావరకు నేలలోనే వృథా అయిపోతుంది. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెనా కేబుల్‌కి ఎంత సరిపోయిందో చూపే కొలత, 1కి దగ్గరైతే మంచిది) 1.1 వచ్చిందని సంబరపడకండి! మంచి గ్రౌండ్ ఉంటే క్వార్టర్ వేవ్ 36 ఓమ్‌ల దగ్గర ఉంటుంది. నేలలో నష్టం ఇంకో 14 ఓమ్‌లు కలిస్తే సరిగ్గా కేబుల్‌కి కావలసిన 50 అవుతుంది, మీటర్ మాత్రం అంతా బాగుందనే చూపిస్తుంది.

డాబా మీద నాలుగు క్వార్టర్ వేవ్ వైర్లను రేడియల్స్‌గా స్లాబ్‌కి తగలకుండా ఎత్తులో కట్టి, 45 డిగ్రీలు కిందికి వాల్చండి. అప్పుడు వచ్చే 50 నమ్మదగ్గది.

2 మీటర్ల బ్యాండ్‌కి అయితే ఎస్‌ఓ-239 సాకెట్ (కేబుల్ బిగించేది), 49 సెంటీమీటర్ల ఇత్తడి కడ్డీలు ఐదు (ఒకటి నిటారుగా, నాలుగు రేడియల్స్‌గా) చాలు.

ఒరిగినా కరెంటు తీగల మీద పడని చోటే పెట్టండి. ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు రేడియల్ చివర్లలో వోల్టేజీ ఎక్కువ, బట్టలారేసే వాళ్ల చేతికి అందనివ్వకండి.