మార్చిన పాత కారుకు చట్టంలో చోటు కావాలి

సంపాదకులు గారికి,

అయ్యా,

విజయనగరంలో ముప్పై ఏళ్లకు పైగా కార్ల మరమ్మతు షెడ్డు నడుపుతున్నవాడిని. పాత స్పోర్ట్స్ కార్లను కొని, వాటిని రేసు వేగానికి తగ్గట్టు మార్పించుకునే యువకులు మన ఉత్తరాంధ్రలోనూ కనిపిస్తున్నారు. ఆ పని విషయంలో నిబంధనలలో ఉన్న ఒక ఖాళీని మీ పత్రిక ద్వారా రవాణా శాఖ దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కిందటి వేసవిలో శ్రీకాకుళం నుంచి ఒక యువకుడు 1960ల నాటి ఎం.జి.బి. అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారును లారీ మీద వేసుకొని నా దగ్గరకు తెచ్చాడు. దాని 1798 సీసీ ఇంజిన్ మనం ఎరిగిన అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజిన్‌కు అన్న వరస అవుతుంది. రెండూ బి-సిరీస్ అనే ఒకే బ్రిటిష్ ఇంజిన్ల వంశానివే కావడంతో, టాపెట్ల చప్పుడు వినగానే నాకు పాత చుట్టం గడప తొక్కినట్టనిపించింది. వేరే ఊళ్లో ఒక వర్క్‌షాపు వారు దాని సిలిండర్లను తొలిచి (బోరింగ్) పెద్ద పిస్టన్లు వేశారు, హెడ్డు చెక్కి కంప్రెషన్ పెంచారు, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ మార్చారు, లోపల ఇనుప గొట్టాలతో రోల్ కేజ్ కూడా కట్టారు. ఆ కారుకు విడిగా చాసిస్ (అడుగు చట్రం) ఉండదు. తలుపుల కింద పొడవునా సాగే సిల్స్ అనే రేకు దూలాలే దానికి వెన్నెముక. నేను స్క్రూడ్రైవర్‌తో సిల్ మీద తట్టి చూస్తే మొన లోపలికి దిగిపోయింది, తుప్పు పెళ్లలు అరచేతిలో రాలాయి. కారు బోల్తా పడితే ప్రాణం నిలపవలసిన రోల్ కేజ్ పాదాలను ఆ కుళ్లిన రేకుకే వెల్డింగ్ చేసి, పైన పుట్టీ పెట్టి రంగు కొట్టారు.

బ్రేకుల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. గంటకు 80 కిలోమీటర్లు పోయే బండి 120 పోతే వేగం ఒకటిన్నర రెట్లే పెరుగుతుంది గాని, ఆపేటప్పుడు బ్రేకులు వేడిగా మార్చవలసిన శక్తి రెండుంపావు రెట్లవుతుంది. తేమ పీల్చిన పాత బ్రేక్ ఆయిల్ ఆ వేడికి మరిగి ఆవిరి బుడగలు కడితే, పెడల్ మెత్తగా దిగిపోతుందే తప్ప బండి ఆగదు. రణస్థలం దగ్గర హైవే మీద ఒక రాత్రి తనకు సరిగ్గా అలాగే జరిగిందని ఆ అబ్బాయి చెబుతున్నప్పుడు అతని గొంతు వణికింది. ఆ సమయంలో ఎదుట ఎవరి సైకిలో, ఏ పశువో ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికే భయమేస్తుంది.

ఇక చట్టం సంగతి. 2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటిన కారుకు 20,000 రూపాయల రుసుముతో పదేళ్ల రిజిస్ట్రేషన్ ఇస్తారు, అయితే చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులేవీ జరగకుండా అసలు రూపంలోనే ఉండాలి. చరిత్రను కాపాడే ఆ నిబంధనను నేను మనసారా సమర్థిస్తాను. చెక్కుచెదరకుండా మిగిలిన అరుదైన కారును రేసు మోజుతో కోయడానికి నా షెడ్డులో నేను ఒప్పుకోను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా మామూలు బండిని మార్చడమూ కుదరదు. 189వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో బండ్ల వేగపు పందెం నడపడం నేరం. ఇవన్నీ న్యాయమైనవే. కానీ ఎప్పుడో తుప్పు పట్టి, సగం భాగాలు పోయి, అసలు రూపానికి ఎలాగూ తిరిగి రాలేని కారును పరుగు కోసం జాగ్రత్తగా మార్చుకున్నవాడు దాన్ని ఎవరికి చూపించాలి, ఎక్కడ నడపాలి? చూపించే చోటు లేకనే అతడు దాన్ని షెడ్డులో దాచిపెట్టి, అర్ధరాత్రి జాతీయ రహదారి మీదకు తీస్తున్నాడు.

తమిళనాడులో రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాల రన్‌వే ఉన్న షోలవరంలో దశాబ్దాల పాటు కార్ల పందేలు సాగాయి, తరువాత చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో పూర్తి ట్రాక్ వచ్చింది. మారుతి భాగాలతో తక్కువ ఖర్చులో రేసు కార్లు కట్టిన కరివర్ధన్ పేరిట 2003లో కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే వెలిసింది. మన కుర్రవాళ్లకు ఇరుంగట్టుకోట్టై ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం.

అందుచేత రోడ్డు మీద నడపకుండా, లారీ మీదనే తరలించే, మార్పు చేసిన పాత కార్లకు ఒక ప్రత్యేక తరగతి ఏర్పరచాలని, సిల్స్, వెల్డింగ్, బ్రేకులు, పెట్రోలు గొట్టాలు, సీటు బెల్టులు తనిఖీ చేశాకే దానికి పత్రం ఇవ్వాలని కోరుతున్నాను. తనిఖీకి జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం మెకానికల్ అధ్యాపకుల సాయం తీసుకోవచ్చు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల యంత్రాంగాలు కలిసి, జనసంచారం లేని ఒక స్థలంలో అంబులెన్సు, అగ్నిమాపక సిబ్బంది సమక్షంలో ఏడాదికి రెండు రోజులైనా ఈ కార్లు నడుపుకోవడానికి అనుమతి ఇవ్వాలి.

ఆ ఎం.జి.బి.కి కొత్త సిల్స్ వేశాను, రోల్ కేజ్ పాదాలు కోసి మళ్లీ కట్టాను, బ్రేకులు పూర్తిగా మార్చాను. కారు ఇప్పుడు సిద్ధంగా ఉంది. దాన్ని ఎక్కడ నడుపుకోమని చెప్పి అప్పగించాలో తెలియక ఇంకా నా షెడ్డులోనే స్టాండ్ల మీద ఉంచాను.

భవదీయుడు,
ఒక కార్ల మెకానిక్,
విజయనగరం.