అడిగిన దానికి జవాబు చెప్పండి, ముద్ర వేయకండి

సంపాదకులకు,

యూనివర్సిటీ విద్యార్థులకు సోషల్ మీడియాలో రాజకీయాలెందుకు అనే పెద్దల మాటతో నాకు పేచీ ఉంది. ఓటు వేసే వయసు వాళ్లది, మాట్లాడాల్సిందే. అయితే వాళ్లు మాట్లాడుకునే తీరు చూస్తే ఒక అధ్యాపకురాలిగా నాకు నిజంగా బాధేస్తోంది.

ఈమధ్య ఒక క్లాస్ గ్రూపులో ఓ అమ్మాయి, స్కాలర్‌షిప్‌ల గురించి ఒక నాయకుడు చెప్పిన అంకెకు ఆధారం ఎక్కడుందని అడిగింది. అంతే. మొదటి జవాబు "నువ్వు ఏ పార్టీ?", రెండోది "పెయిడ్ బ్యాచ్ దిగింది", ఇక ఆ తర్వాత వరసపెట్టి మీమ్స్, స్టిక్కర్లు. అంకె సంగతి ఒక్కరూ ఎత్తలేదు. కాసేపటికి ఆ అమ్మాయి తన మెసేజ్‌ని డిలీట్ చేసేసింది. ఎవరైనా బూతు తిట్టి ఉంటే అడ్మిన్ అయినా అడ్డుపడేవాడు, కానీ గొర్రె, బానిస, పెయిడ్ బ్యాచ్ అనే ముద్రలను ఎవరూ తిట్లుగా లెక్కపెట్టరు కాబట్టి, నా దృష్టిలో బూతుల కన్నా ఇవే ఎక్కువ చేటు చేస్తున్నాయి.

తప్పంతా పిల్లలదే అనను. నీతినీ ఆవేశాన్నీ కలిపి పలికే మాట పోస్టులో ఒక్కొక్కటి పెరిగేకొద్దీ అది షేర్ కావడం సుమారు 20 శాతం పెరుగుతుందని, ట్విట్టర్ రాజకీయ పోస్టులపై 2017లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది, అదీ ఎక్కువగా సొంత వర్గంలోనే. ఆగ్రహానికి లైకులు దక్కినవాళ్లు తర్వాత మరింత ఆగ్రహంగా రాస్తారని 2021లో మరో అధ్యయనం తేల్చింది. సెమినార్‌లో "నాకు ఇక్కడ అనుమానం ఉంది మేడమ్" అని నెమ్మదిగా అడిగే కుర్రాడే ఫోన్‌లో "సిగ్గు లేదా" అని ఎందుకు విరుచుకుపడతాడో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

"రాజకీయ పోస్టులు పెట్టొద్దు" అని సర్క్యులర్ ఇచ్చేస్తే సరిపోదు. పిల్లలు దొంగపేర్ల అకౌంట్లలోకి పోతారు, అక్కడ భాష ఇంకా దిగజారుతుంది. దానికి బదులు తరగతి గదిలోనే వాదన నేర్పాలి, మేం అధ్యాపకులం కూడా రాజకీయం అనగానే మాట దాటేయడం మానాలి.

మీ పత్రికకు ఒక విన్నపం. విద్యార్థుల పేజీలో వారానికో ప్రశ్న ఇచ్చి, రెండు వైపుల వాళ్లతోనూ రాయించండి. షరతు ఒక్కటే పెట్టండి: ఎదుటివాళ్ల వాదనను, "అవును, మేం అనేది ఇదే" అని వాళ్లే ఒప్పుకునేలా ముందు రాసి, ఆ తర్వాతే తమ జవాబు రాయాలి.

ఇట్లు,
ఒక అధ్యాపకురాలు